చెడ్డ ప్రోగ్రాములన్నీ ఒక్క మనిషివే

నా మొదటి పుస్తకం ఎవరి మీద కోపంతో రాశానో ఇంతవరకు ఎక్కడా చెప్పలేదు. ప్రోగ్రాము ఎలా రాస్తే ఏళ్ళ తర్వాత ఇంకొకరు చదివి మార్చుకోగలుగుతారో సులువుగా చెప్పే పుస్తకం అది. సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో కొత్తగా చేరినవాళ్ళకు చాలాచోట్ల ముందు అదే చేతికిస్తారు. ప్రతి అధ్యాయం ఒక చెడ్డ ప్రోగ్రాముతో మొదలవుతుంది, ఆ తర్వాత దాన్ని బాగుచేసే పద్ధతి ఉంటుంది. ఇన్ని చెడ్డ ఉదాహరణలు ఎక్కడ దొరికాయని అడిగితే నవ్వి ఊరుకునేదాన్ని. అన్నీ ఒక్క మనిషివే. ఇబ్రహీంపట్నంలో నేను చదివిన ఇంజనీరింగ్ కాలేజీలో ఆయన మా సారు.

మాది యాచారం అవతల పల్లె. కాలేజీ తొమ్మిదింటికి మొదలయ్యేది, మా బస్సు ఇబ్రహీంపట్నం చేరేసరికి తొమ్మిది దాటేది. ఆ బస్సులో వచ్చేవాళ్ళం చాలామందిమి ఉన్నామని కాలేజీ వాళ్ళే పావుగంట వెసులుబాటు ఇచ్చారు. అయితే హాజరు లెక్కగట్టే ప్రోగ్రాము సారు రాసింది. తొమ్మిది గంటలన్న సంగతి ఒకచోట రాసి మిగతాచోట్ల దాన్నే వాడుకోవాల్సింది పోయి, అవసరమైన ప్రతిచోటా మళ్ళీ మళ్ళీ రాసుకుంటూ పోయాడు. వెసులుబాటు వచ్చాక కొన్నిచోట్ల మార్చాడు, కొన్నిచోట్ల మరిచాడు. దాంతో ఏ రోజుకారోజు మేము వచ్చినట్టే కనబడేది, నెలాఖరు లెక్కలో రానట్టు తేలేది.

రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు విషయం తెలిసిపోయింది. ఆయన గదికి పోయాను.

"సార్, టైమ్ అంతట మారలె. ఒక్క కాడ పెట్టుకుంటే అయిపోతుండె సార్," అన్నాను.

ఆయన కుర్చీలోంచి కదలకుండా నన్ను ఎగాదిగా చూశాడు. "ఏందమ్మా, నాలుగు ముక్కలు నేర్వంగనే నాకే చెప్పొస్తున్నవా? కంప్యూటర్ అబద్ధమాడ్తదా? పో, ముందుగాల పొద్దున లేసుడు నేర్సుకో."

ఆ ఏడు హాజరు చాలలేదని నన్ను డిటెయిన్ చేశారు. పరీక్షలు రాయనీయకుండా ఏడాది వెనక్కి నెట్టడాన్ని మా కాలేజీల్లో అలా అంటారు. మా బస్సులో మిగతావాళ్ళు ఆయన కాళ్ళావేళ్ళా పడి బయటపడ్డారు. నేను పడలేదు. నాతోటివాళ్ళు ముందుకు పోతే నేను జూనియర్ల పక్కన కూర్చున్నాను. ఊళ్ళో ఎవరడిగినా మా బాపు ఆ నాలుగేళ్ళ చదువును ఐదేళ్ళదని చెప్పుకున్నాడు. ఎన్నడూ అబద్ధమాడని మనిషి తల వంచుకుని ఆ మాట అంటుంటే నా చెవులతో విన్నాను. సారు మీద నాకు పగ పుట్టింది ఆ రోజే.

శిక్ష అక్కడితో అయిపోలేదు. నాకవి విన్న పాఠాలే గదా అని సారు నన్ను ల్యాబులో కూర్చోబెట్టి ఆ ప్రోగ్రాము చాకిరీయే చేయించుకున్నాడు. ఎక్కడ మొరాయిస్తే అక్కడ సరిచేయాలి, అదీ ఆయన చెప్పినంత మేరకే. ఏడాదంతా ఆయన రాసింది లైను లైను చదివాను. ఒకే పని పలుచోట్ల చేసేవాడు. దేనికి ఏ పేరు పెట్టాడో దేవుడికే తెలియాలి. ఒక పెద్ద ముక్క నెత్తిన "దీన్ని ఎవరూ ముట్టొద్దు" అని ఇంగ్లిష్‌లో రాసి పెట్టుకున్నాడు, అదెలా నడుస్తుందో ఆయనకే అంతుపట్టక. చదివి చదివి నాకు మొత్తం కంఠతా వచ్చేసింది.

అందుకే ఉద్యోగంలో కుదురుకుని పుస్తకం రాయడానికి కూర్చున్నప్పుడు ఉదాహరణల కోసం వెతుక్కోనక్కర లేకపోయింది. ఆయన పేరు పెట్టలేదు, కానీ ఆయన చూస్తే మాత్రం ఇట్టే గుర్తుపట్టేలా ఉంచాను. ఎక్కడో కూర్చుని పుస్తకం తెరవాలి, తన రాత చూసుకుని ముఖం మాడిపోవాలి, ఎవరికీ చెప్పుకోలేక లోలోపల కుమిలిపోవాలి. రాస్తున్నంతసేపూ ఆ ముఖాన్నే ఊహించుకునేదాన్ని. లోకాన్ని ఉద్ధరించాలని నేనేం కూర్చోలేదు. పగ ఉన్నవాళ్ళకు పనిలో శ్రద్ధ ఎక్కువ, పుస్తకం బాగా రావడానికి కారణం అదే.

పుస్తకానికి పేరొచ్చాక కాలేజీ నన్ను ముఖ్య అతిథిగా పిలిచింది. సారు అప్పటికి ప్రిన్సిపాల్. కొంగరకలాన్ దగ్గర దారి పొడవునా ప్లాట్ల బోర్డులు, వాటి వంక చూసే తీరిక లేదు నాకు. వేదిక మీద ఏం చేయాలో మనసులో వల్లెవేసుకుంటూ పోయాను. సారు గుమ్మంలోనే ఎదురొచ్చి శాలువా కప్పి, "మా బిడ్డ," అన్నాడు అందరితో. నాకు ఒళ్ళు మండింది.

మైకు అందుకోగానే హాజరు ప్రోగ్రామును తెర మీద వేసి, తప్పులు చెప్పమని పిల్లలను అడిగాను. వాళ్ళంతా పుస్తకం చదివినవాళ్ళే. పోటీలు పడి లేచారు.

"టైమ్ గిన్ని కాడ్ల ఎందుకు రాసిండు మేడమ్?"

"రాసినోడు నిద్రల రాసినట్టున్నడు!"

హాలంతా గొల్లుమంది. నేను ఇన్నేళ్ళూ ఎదురుచూసింది దీనికోసమే. సారు ముఖం వైపు తిరిగాను. ఆయన అందరికంటే గట్టిగా నవ్వుతున్నాడు. లేచొచ్చి నా చేతిలోని మైకు తీసుకున్నాడు.

"గిది ఎవలు రాసిండ్రనుకుంటున్నరు? నేనే! పుస్తకంల ఉన్నయన్నీ నాయే. చూసిన్నాడే గుర్తువట్టిన. నేను గట్ల రాయకపోతే ఈ పుస్తకం ఎక్కడిది?"

చప్పట్లు మోగాయి. పిల్లలు ఆయనతో సెల్ఫీలకు ఎగబడ్డారు. నేను శాలువాతో ఓ పక్కన నిలబడ్డాను. కాస్త సందు దొరికాక దగ్గరికి పోయి, "మీ ప్రోగ్రాము నన్ను డిటెయిన్ చేసింది సార్. నాకు ఏడాది పోయింది," అన్నాను.

"గవన్నీ పాత ముచ్చట్లు బిడ్డా. గందుకే గదా ఇంతదానివైనవ్," అని నా భుజం తట్టాడు.

ఆ చెయ్యి పడ్డ భుజాన్ని ఇంటికొచ్చి కడుక్కున్నాను. ఆయన్ని నలుగురిలో తలదించుకునేలా చేద్దామని పోయి, నా చేతులతో నేనే దండ వేసి వచ్చాను. పెళ్ళిళ్ళలో సైతం చుట్టాలకు ఆ పుస్తకం విప్పి చూపిస్తాడని తర్వాత తెలిసింది. పుస్తకం ఎంత దూరం పోతే ఆయనా అంత దూరం పోతున్నాడు.

రెండో కూర్పు పని మొదలుపెట్టాను. ఆయనవి ఒక్కటి మిగలకుండా తీసేశాను. వాటి చోట కొత్తవి రాయడానికి తలప్రాణం తోకకొచ్చింది. ఉన్నవి బాగానే ఉన్నాయి గదా అని ప్రచురణకర్తలు మొత్తుకున్నారు. వినలేదు సరికదా, పాత కూర్పు ఇక అచ్చువేయకుండా వాళ్ళను ఒప్పించాను.

కొత్త పుస్తకం కాలేజీకి చేరిన కొద్దిరోజులకే సారు ఫోన్ చేశాడు.

"ఏం బిడ్డా, నాయి ఒక్కటి కూడ కానొస్తలేవు?"

"తీసేసిన సార్."

"గట్లెట్ల తీసేస్తవ్? కొత్త అల్లునికి చూపిద్దామని అందరి ముందట తెరిసిన. ఎంత తిప్పినా లేదాయె. అందరు నా మొఖమే చూసిరి." ఆయన గొంతు తగ్గింది. "మల్ల అచ్చేసేటప్పుడు జర ఒక్కటన్న పెట్టు బిడ్డా."

"కుదరదు సార్. అవి చూసి ఇప్పుడెవలు నేర్సుకునేది లేదు."

అవతల ఆయన ఊపిరి ఒక్కటే వినిపిస్తోంది. నేను ఫోన్ పెట్టేయలేదు, ఆ ఊపిరిని తీరిగ్గా విన్నాను. చివరికి ఆయనే పెట్టేశాడు.

పక్కనే కూర్చున్న మా అక్క అంతా విన్నది. "పెద్దమనిషి, పాపం. నీకు జర జాలన్న అనిపించలేదా?" అని అడిగింది.

"లేదక్కా. మల్లొకసారి ఫోన్ చేసి అడిగితే బాగుండనిపిస్తున్నది."