మూడు కట్టుబాట్లు, ఒక కెటిల్ చాయ్

బాన్సువాడలో గణిత తర్కం చెప్పి బతికేవాణ్ణి నేనొక్కణ్ణే. పోటీ లేదు. గిరాకీ కూడా లేదు.

మా బావ, అంటే అక్క పెనిమిటి, పొలం నిజాంసాగర్ పిల్లకాలువ చిట్టచివర ఉంది. మొన్న యాసంగిలో వరి పొట్టకొచ్చింది. అప్పుడొక తడి నీళ్లు అందకపోతే కంకులన్నీ తాలే. ఆ కాలువ రైతులు ఏనాడో మూడు కట్టుబాట్లు పెట్టుకున్నారు: పైవాడి తర్వాతే కిందివాడు, మడి నిండనిదే తూము మూయరాదు, ఒకరి వంతులో ఇంకొకరు చొరబడరాదు. అందరూ వాటిని నిష్ఠగా పాటిస్తున్నారు. బావ మడి కూడా అంతే నిష్ఠగా ఎండుతోంది.

పంచాయితీ చాయ్ హోటల్లో పెట్టారు. చాయ్ తాపించేది కాలువ మొదట్లో పొలమున్న కాకా. చదువుకున్న బలగం ఉండాలని బావ నన్ను వెంట తీసుకుపోయాడు.

"కట్టుబాట్లు అందరం నడుపుతున్నం. ఇగ నీకు నీళ్లు రాకుంట ఎట్లుంటయ్? నీ ఒడ్డుకే గండి పడ్డట్టుంది," అన్నాడు కాకా.

"గండి లేదు, గిండి లేదు. వచ్చి సూస్కో కాకా," అన్నాడు బావ.

నాకు రేఖాగణితం గుర్తొచ్చింది. సమాంతర రేఖల సూత్రం మిగతా సూత్రాల నుంచే పుడుతుందని పండితులు రెండు వేల ఏళ్లు తంటాలు పడ్డారు. చివరికి పందొమ్మిదో శతాబ్దంలో కొందరు, మిగతావన్నీ నిజమై అదొక్కటే తప్పయ్యే లోకాన్ని కట్టి చూపించారు. అలాంటి మోడల్ ఒక్కటి చాలు, వాదం ముగుస్తుంది. తర్కం మోడళ్ల వెంట పడటం అక్కడే మొదలు. క్లాసులో ఇది చెబితే పిల్లలు గడియారం చూస్తారు. హోటల్లో గడియారం లేదు.

కెటిల్ నేనందుకున్నాను. పొలాల వరసలోనే అందరినీ కూర్చోబెట్టి, కాకా గ్లాసు అంచుదాకా నింపాను.

"చాలు, చాలు!"

"నిండనిదే మూయొద్దు గద కాకా."

బావ దాకా వచ్చేసరికి కెటిల్లోంచి రెండు చుక్కలు, కాస్త చాయ్‌పత్తా రాలాయి.

"మూడు కట్టుబాట్లల్ల నేను ఏది తప్పిన్నో చెప్పుండ్రి," అన్నాను.

"గది చాయ్ సారూ, నీళ్లు కాదు!" అన్నాడు మధ్య పొలం ఆయన.

రేఖాగణితంలో బిందువంటే ఏమిటో, గీతంటే ఏమిటో అనవసరం, సూత్రాలకు సరిపడితే చాలు అని ఒక గణితజ్ఞుడు అన్నప్పుడు గొప్ప గొప్పవాళ్లకే మింగుడుపడలేదట. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు. చాయ్ చల్లారుతోంది.

కాకా నా నిరూపణ వైపు చూడనే లేదు. తాను చాయ్ తాపించే చోట ఒకడి గ్లాసు ఖాళీగా ఉండటం ఆయన ఎన్నడూ ఎరగడు. మొహం ముడుచుకుని, తన దాంట్లోంచి సగం బావకు వంపాడు.

బావ తాగలేదు. "చాయ్ల సగమిస్తివి. నీళ్లల్ల ఇయ్యవా కాకా?"

హోటలంతా నవ్వింది. కాకా కూడా నవ్వాడు, కాస్త ఆలస్యంగా.

"సరే తియ్. గీ తడి కింది మడికెల్లి మొదలువెడుదాం. పాత కట్టుబాట్లు గట్లనే ఉంటయ్ మల్ల!"

పైవాడే ముందు, కిందివాడే ముందు, రెండూ ఒకేసారి అమల్లో. ఒకదాన్నొకటి కొట్టేసుకునే సూత్రాలకు ఏ లోకంలోనూ మోడల్ ఉండదు. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది. అక్క మొహం గుర్తొచ్చి మింగేశాను.

మర్నాడు పొద్దున, ఉండటానికి వీల్లేని ఆ మోడల్లో చీలమండ లోతు నీళ్లలో నిలబడి, బావ కేకేశాడు: "ఏంది బామ్మర్దీ గట్టు మీద? ప్యాంటు మడుసుకొని దిగు!"