ఒక్క పెన్షన్‌తో జనవరి

మా బియ్యం కొట్టు పక్కిల్లే తొకుజీ గారిది. సకాటా ఊళ్ళో ఇళ్ళల్లో నేలంతా పరిచే తతామి చాపలు కుట్టడంలో ఆయన చేతికి పేరుంది. కానీ నలభై ఎనిమిదేళ్ళ కాపురంలో ఇల్లు గడవడానికి నెలకెంత కావాలో ఆయనకెప్పుడూ తెలియదు. సంపాదించింది భార్య ఫుసాయె గారి చేతిలో పెట్టేవారు. సిగరెట్లకు డబ్బులు మళ్ళీ ఆవిణ్ణే అడిగి తీసుకునేవారు.

ఆ ఏడు ఫుసాయె గారికి కడుపులో క్యాన్సర్ అని తేలింది. అప్పటికే ముదిరిపోయింది. డిసెంబరు మొదటి వారంలో, ఇంటి ఖర్చుల పుస్తకం పట్టుకుని ఆసుపత్రికి రమ్మని భర్తకు కబురు పెట్టారు. నా బండిలో నేనే తీసుకెళ్ళాను.

"జనవరికి ఎంత వస్తుందో, ఎంత పోతుందో రాయండి. నేను చూస్తాను," అన్నారామె.

"ఇప్పుడెందుకే? ఇంటికొచ్చాక నువ్వే రాద్దువుగాని."

"రాయండి."

ఆయన ఒళ్ళో పుస్తకం పెట్టుకుని, పరీక్షకు కూర్చున్న పిల్లాడిలా చాలాసేపు రాశారు. ఆమె చూసి, అంత నొప్పిలోనూ నవ్వారు.

"ఏమండీ, బియ్యం కన్నా సిగరెట్లకే ఎక్కువ రాశారే! పొగతోనే కడుపు నింపుకుంటారా? హీటరుకు కిరోసిన్ ఏది? మంచు పడితే చాపల కింద దూరి పడుకుంటారా?"

"సెకిగుచి గారి ముందు పరువు తీయకే," అన్నారాయన నావైపు చూస్తూ. సిగరెట్ల పద్దు సగానికి కోసి కిరోసిన్ కలిపారు.

"పెన్షన్ రెండు నెలలకోసారి వస్తుంది. చేతికి రాగానే సగం తీసి దాచండి. లేకపోతే రెండో నెల పస్తే."

అప్పుడామె చూపు పై వరుస మీద ఆగింది. రాబడి కింద ఆయన రెండు పెన్షన్లు రాశారు. తనదీ, ఆమెదీ.

ఫుసాయె గారు పెన్సిలు తీసుకుని తన పెన్షన్ కొట్టేశారు.

"ఇది నాతోనే ఆగిపోతుందండీ. మీ ఒక్కరిదీ, చాపల పని మీద వచ్చేదీ. అంతే."

అప్పటిదాకా ఆ మాట ఎవరమూ పైకి అనలేదు. తొకుజీ గారు తల వంచుకున్నారు. పుస్తకం మీద కన్నీళ్ళు పడుతుంటే ఆమె దుప్పటి అంచుతో తుడిచి, "తడిస్తే అంకెలు కనబడవు. మళ్ళీ కూడండి," అన్నారు. ఆయన మళ్ళీ కూడారు. రెండుసార్లు తప్పారు. ఆమె విసుక్కోలేదు. మూడోసారి సరిపోయింది.

పన్నెండు రోజులకు ఆమె పోయారు.

జనవరి అంతా ఆయన పుస్తకంలో రాసినట్టే బతికారు. మా కొట్లో ఐదు కిలోల బియ్యమే కొన్నారు. చేపల అంగట్లో సాయంత్రం ధర తగ్గించే దాకా నిలబడేవారు. నెలాఖరున మధ్యాహ్నం పూట, మంచులో చెప్పులతోనే మా కొట్లోకి పరుగెత్తుకొచ్చారు.

"మిగిలింది సెకిగుచి గారూ! మూడు వేల నాలుగు వందల యెన్లు మిగిలాయి! కూడిక కూడా తప్పలేదు!"

"భేష్!" అన్నాను.

ఆయన ముఖంలో వెలుగు అంతలోనే ఆరిపోయింది.

"లెక్క తేలగానే వంటింట్లోకి వెళ్ళానండీ, దానికి చెబుదామని," అన్నారు. "పేరు పెట్టి పిలిచాను కూడా."

బియ్యం బస్తా మీద కూలబడి, ముఖం చేతుల్లో దాచుకున్నారు. కొట్లోకి ఎవరూ రాకుండా నేను తలుపు మూసేశాను.