అమ్మమ్మ వద్దన్న ఆపరేషన్

ఆ రోజు నాకు జ్వరం లేదు. థర్మామీటరును టీ గ్లాసుకి ఆనించి అమ్మకు చూపించాను. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. డైరీలో కూడా రాయలేదు.

రాజమండ్రి ఆసుపత్రిలో నా ఎడమకంటి గుంటకు ఆపరేషన్ జరగవలసిన రోజది. నాకు రెండేళ్ళప్పుడు ఆ కంట్లో క్యాన్సర్ వచ్చింది. కన్ను తీసేసి, రేడియేషన్ కరెంటు పెట్టారు. ప్రాణం దక్కింది కానీ, నాతోపాటు ఆ గుంట పెరగలేదు, కుంచించుకుపోయింది. కృత్రిమ కన్ను పెడితే జారిపోయేది. కింది పెదవి లోపలి పొర కొంత తీసి, గుంటలో అతికించి, కన్ను నిలిచేలా చోటు చేస్తామన్నారు డాక్టరు గారు. కోతకు నేను భయపడలేదు. నల్లకళ్ళద్దాలు తీసేసి వార్డులో అందరి ముందూ పడుకోవాలంటే భయపడ్డాను.

చంటిపిల్లగా ఉన్నప్పుడు నా కంట్లో తెల్లటి మెరుపును మొదట చూసింది అమ్మమ్మే. పిల్లికన్ను, అదృష్టమని మురిసిపోయి, నెలల తరబడి అందరికీ చూపించిందట. ఆ మెరుపే క్యాన్సరని తెలిశాక తనను తాను ఎప్పుడూ క్షమించుకోలేదు. తనకు శుక్లాలు వచ్చినప్పుడు, మనవరాలికి కన్ను పెట్టేదాకా ఆపరేషన్ చేయించుకోనని కోరుకొండ స్వామికి మొక్కుకుంది.

"అదేం మొక్కే అమ్మా! అందరిలా ఏ పొట్లకాయో మానేస్తాననొచ్చుగా," అని అమ్మ కేకలేసింది.

"పొట్లకాయ నాకెలాగూ పడదు. పడనిది వదిలేస్తానంటే స్వామి నమ్ముతాడేంటే?"

నా జ్వరంతో ఆపరేషన్ వాయిదా పడింది. తర్వాత కాలేజీ పరీక్షలన్నాను, పడిశమన్నాను. ఏడాది దాటింది. చివరికి ఆపరేషన్ జరిగి, కొత్త కన్ను కుదిరేసరికి అమ్మమ్మ శుక్లాలు ముదిరి, కళ్ళలో ఒత్తిడి పెరిగి నీటికాసులయ్యాయి. కంటి నరం పాడైపోయిందనీ, ఇక ఏం చేసినా చూపు రాదనీ అన్నారు.

కొత్త కన్నుతో వెళ్ళి ఆవిడ మంచం మీద కూర్చున్నాను. జ్వరం సంగతి చెప్పేద్దామనే వెళ్ళాను. అమ్మమ్మ నా మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని, బొటనవేళ్ళతో రెప్పలు రెండూ తడిమింది. ఆగి, మళ్ళీ తడిమింది. ఆ వారంలోనే, నేను కాలేజీలో ఉండగా పోయింది. నాతో ఆవిడ అన్న ఆఖరి మాటలు ఆ పూటవే.

"ఏది మనదో, ఏది పెట్టిందో తెలీట్లేదే! రేపట్నుంచి రెండిటికీ కాటుక పెట్టుకో."