సగం గోపురం అంచు

లోపల నొప్పులు పడే మనిషి సంగతి బయట బెంచీ మీద కూర్చున్నవాళ్లకు ఎంతవరకు చెప్పాలి? ఇన్నేళ్లు గడిచినా ఈ ప్రశ్నకు జవాబు దొరకలేదు. సలోమి సిస్టర్ మాత్రం తలుపు తెరిచి ఉన్నదున్నట్టు చెప్పేసేది.

నంద్యాల నుంచి నర్సింగు చదవడానికి బెంగళూరు వచ్చి, చామరాజపేటలో ఒక చిన్న కాన్పుల ఆసుపత్రిలో స్థిరపడిపోయిన మనిషి. కొప్పులో ఎప్పుడూ ఒక పెన్సిలు. డెబ్బైల చివర్లో అక్కడికి కొత్తగా గళ్ల కాగితాలు వచ్చాయి. గర్భసంచి నోరు తెరుచుకునేకొద్దీ ఇంటూ గుర్తులు పైకి ఎక్కాలి. బిడ్డ తల జారేకొద్దీ సున్నాలు కిందికి దిగాలి. తోటి నర్సులు కాన్పు అయ్యాక టీ తాగుతూ అన్నీ ఒకేసారి నింపేవారు. "అయిపోయిన సినిమాకు టికెట్టెందుకే?" అని సలోమి నవ్వేది.

ఒక మధ్యాహ్నం దొడ్డబళ్ళాపురం నుంచి నేతవాళ్ల కోడలు గౌరమ్మ తొలికాన్పుకు వచ్చింది. సలోమి వరండాలో కిటికీ గట్టు మీద కాగితం పెట్టి గుర్తు వేస్తుంటే, గౌరమ్మ మామ ఓబళప్ప తొంగిచూశాడు.

"ఏం సిస్టరమ్మా, నువ్వూ అంచులు గీస్తుండావా? గోపురం అంచు మాదిరి ఉండాదే!"

"ఇది చీర కాదప్పా, నీ కోడలు."

"ఎక్కేది బాగుండాది. దిగేది యాడ? సగం గోపురం నేస్తే అంగట్లో ఎవరు కొంటారు?"

సలోమి నవ్వబోయి ఆగిపోయింది. ఆయన తెలియక అన్నదే ఆమె బెంగ. సున్నాలు ఒకే వరసలో నిలిచిపోయాయి. దీపాలు పెట్టేలోగా దిగకపోతే పెద్దాసుపత్రికి పంపి ఆపరేషన్ చేయించాలని డాక్టరమ్మ చెప్పింది. లోపల గౌరమ్మది ఒకటే మాట. "కోత పడితే మగ్గం గుంతలో కూర్చునేదెట్ల సిస్టర్? నా మగ్గం నాకు కావాల."

"ఈ సున్నా బిడ్డ తలప్పా. ఇది దిగాల," అంది సలోమి.

ఓబళప్ప కాగితం వంక, లోపలి తలుపు వంక మార్చి మార్చి చూశాడు. ఆ ముఖం చూసి, చెప్పకుండా ఉండాల్సిందేమో అనిపించింది ఆమెకు.

లోపలికి వెళ్లి గౌరమ్మను లేపి, భుజం పట్టి వరండాలో నడిపించింది. ఓబళప్ప వాళ్ల ముందు వెనక్కి నడుస్తూ కడుపులోని బిడ్డతో మొదలుపెట్టాడు. "దిగమ్మా బంగారూ, మెల్లగా, మెట్లు చూసుకోని దిగు!"

అంత నొప్పిలోనూ గౌరమ్మకు నవ్వొచ్చింది. "మామా, దారికడ్డం నువ్వే ఉండావు, జరుగు!"

తర్వాత లోపలికి తీసుకెళ్లి చూస్తే సున్నా ఒక గడి దిగింది. సలోమి తలుపు సందులోంచి కాగితం చూపించింది. కాసేపటికి ఇంకో గడి. "దిగినాది!" అని బెంచీ మీది వాళ్లంతా, వేరే కాన్పులకు వచ్చినవాళ్లు కూడా, లేచి నిలబడ్డారు. దీపాలు పెట్టకముందే పాప కేరుమంది.

ఓబళప్ప కళ్లు తుడుచుకుని మొదట అడిగింది కాగితమే. "ఇయ్యమ్మా. గోపురం నిండినాది. పాపకు ఇదే అంచు నేస్తా."

"అది ఆసుపత్రిది. చూసి గీసుకోప్పా," అని సలోమి కొప్పులోని పెన్సిలు తీసి ఇచ్చింది.

బీడీకట్ట కాగితం మీద ఆయన గళ్లు లెక్కపెట్టుకుంటూ గీస్తున్నాడు. గేటు దగ్గర ఆటో ఆగింది, లోపల ఎవరో మూలుగుతున్నారు. సలోమి కొత్త కాగితం అందుకుంది. పిలిస్తే ఆయన లెక్క తప్పుతుందని, వస్తానని కూడా అనకుండా, చెప్పుల చప్పుడు కానివ్వకుండా వెళ్లిపోయింది.