గోడకు అటొకటి, ఇటొకటి

మా ఇంటికి ఏది వచ్చినా రెండు భాగాలవుతుంది. పెళ్లింటి నుంచి లడ్డూలు వస్తే సగం అటు, సగం ఇటు. చెరుకు గడలు వస్తే లెక్కపెట్టి పంచుకుని, బేసిగా ఒకటి మిగిలితే దాన్ని నడిమికి విరుస్తాం. కాబట్టి బీదర్‌లో ఉండే మా వదిన, అంటే మా ఆయన అక్క, రాఖీ కట్టడానికి వచ్చి ఒక అట్టపెట్టెను మా తోటికోడలికీ నాకూ నడుమ అరుగు మీద పెట్టి, "మీ ఇద్దరికి" అనేసి బస్సుకు పరుగెత్తినప్పుడు, దాన్ని ఏం చేయాలో మేం ఆలోచించనే లేదు. విప్పితే రెండు స్పీకర్లు. నల్లగా, ఒక్కోటీ బెల్లం డబ్బా అంత ఉన్నాయి. మేం ఇద్దరం, అవి రెండు. ఆమెకొకటి, నాకొకటి. ఇంతకు మించిన న్యాయం ఏముంటుందనుకున్నాను.

అన్నదమ్ముల మధ్య గొడవేమీ లేదు. హైవే పక్కన పైపులూ మోటార్లూ అమ్మే దుకాణం ఇప్పటికీ ఇద్దరిదీ ఒకటే, పొద్దున ఒకే బండి మీద పోతారు. విడిపోయింది ఆడవాళ్లం. నా తోటికోడలిని నేను అక్కా అనే పిలుస్తాను, లేదా పిలిచేదాన్ని. మూడేళ్ల కింద మా అమ్మాయి ఇంటర్ అయ్యాక హైదరాబాద్ హాస్టల్లో వేద్దామని నేను, ఇంకొన్నాళ్లు ఇంట్లోనే ఉంచుకుని జహీరాబాద్‌లోనే చదివిద్దామని ఆమె. మాటకు మాట పెరిగింది. కోపమొస్తే నా నోటికి అడ్డూ అదుపూ ఉండదు. "కన్నదాన్ని నేను. కననిదానివి, నీకేం తెలుస్తది?" అన్నాను.

అక్కకు పిల్లలు లేరు. మా అమ్మాయికి కాళ్ల మీద వేసుకుని నీళ్లు పోసింది ఆమె, మొదటి జడ వేసింది ఆమె. ఆ మాట నోరు దాటగానే ఎంత పాపిష్టి మాటో నాకు తెలిసింది. అప్పుడే తప్పైందని ఉంటే అయిపోయేది. అనలేదు. మర్నాడు అంటే ఎట్లుంటుందో, వారం పోయాక అంటే ఏమనుకుంటుందో అని జరుపుకుంటూ వచ్చాను. అక్క నన్ను తిట్టలేదు, ఏడవలేదు. వేరే పొయ్యి పెట్టుకుంది. తర్వాత హాలు నడుమ గోడ లేచింది. ఎవరు కట్టమన్నారో నాకిప్పటికీ తెలియదు. ఇటుకలు చాలక అది దూలాల కింద మూరెడు దూరంలో ఆగిపోయింది. మిగిలిన ఆ సందులోంచి ఆమె తాలింపు మా ఇంట్లోకి, మా మాటలు ఆమె ఇంట్లోకి పోతూ వస్తూ ఉంటాయి. మేమిద్దరం మాత్రం మాట్లాడుకోము.

స్పీకర్లు బిగించింది మా ఆయన. ఒకదానికే ప్లగ్గు ఉంది, అది నాకొచ్చింది. రెండోదానికి ఉత్త వైరు, అది మొదటిదానికి తగిలించాలి. ఆయన నిచ్చెనేసి, వైరును గోడ మీదుగా అవతలికి విసిరాడు. నాది బీరువా మీద, సీలింగుకు తగిలేంత ఎత్తున, దుమ్ము పడకుండా పైన లేసు గుడ్డ కప్పి పెట్టుకున్నాను. ఆమెది ఫ్రిజ్ మీద. ఎవరి ఫోన్ కలిస్తే వాళ్ల పాట రెండిళ్లలోనూ మోగుతుంది. పొద్దున దేవుడి పాటలు నావి. సాయంత్రం ఆమె కన్నడ భజనలు. ఆమెది న్యాల్‌కల్ దిక్కు ఊరు, అటు సగం కన్నడమే. ఒప్పందమేమీ చేసుకోలేదు, వేళలు వాటంతటవే కుదిరాయి.

కానీ ఏదో తేడాగా ఉండేది. బీరువా రేకు జివ్వున వణికేది. పైగా మా ఇంట్లో తబలా గట్టిగా, పాడే మనిషి సన్నగా. వేణువైతే అసలు వినపడదు. ఒకరోజు చెవి పెట్టి వింటే, ఆ వేణువు గోడ అవతల హాయిగా మోగుతోంది. నాకు ఒళ్లు మండింది. మంచిది ఆమెకు పోయింది, ఉత్త దరువుది నాకు అంటగట్టారనుకుని రెండు రోజులు మా ఆయనతో సరిగ్గా మాట్లాడలేదు. ఆయన ఎందుకో కూడా అడగలేదు. అలవాటైపోయింది పాపం.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం వదిన నా ఫోన్‌కు ఒక పాట పంపింది. కింద ఒక్క ముక్క రాసింది: "ఇద్దరు కూసొని ఇనున్రి." ఇద్దరూ అనే మాటను నేను పట్టించుకోకుండా నొక్కాను.

విసుర్రాయి తిరిగే చప్పుడు. గరగర, గరగర. దాని మీద అక్క గొంతు.

నిలబడ్డచోటే ఉండిపోయాను. పద్దెనిమిదేళ్ల కింద పాత పాటలు సేకరించే ఒకాయన మా ఇంటికొచ్చి, మమ్మల్ని విసుర్రాయి దగ్గర కూర్చోబెట్టి, ఒక్కొక్కరి ముందూ ఒక మైకు పెట్టిన సంగతి నేను పూర్తిగా మరిచిపోయాను. ఆయన వదినకు తెలిసినాయనే. ఆ పాట అక్క పుట్టింటిది. జొన్నలు విసిరేటప్పుడు ఇద్దరూ ఒకే పిడి పట్టుకుంటారు. పెద్దామె రాయి లాగుతూ ఒక ప్రశ్న అడుగుతుంది, చిన్నామె తన వంతు లాగుతూ జవాబు చెబుతుంది. అట్లయితేనే చేతులు తడబడవు. పెళ్లై వచ్చిన కొత్తలో అక్క నాకు జవాబులు నేర్పింది. ప్రశ్నలు నాకెప్పుడూ రావు, ఆమె ఉండగా నాకు వాటితో పనే పడలేదు.

ఇప్పుడు బీరువా మీద నుంచి ఆ ప్రశ్నలే వస్తున్నాయి. ఆమె అడుగుతుంది, ఆగుతుంది. రాయి ఒక చుట్టు తిరిగేంత సేపు మా ఇంట్లో మాట ఉండదు. మళ్లీ అడుగుతుంది. మూడేళ్లుగా నాతో పలకని గొంతు, నన్నే అడుగుతోంది. ఇంతలో గోడ మీది సందులోంచి సన్నగా ఎవరో పడుచుపిల్ల జవాబు చెబుతున్నట్టు వినపడింది. అది నేనేనని తెలియడానికి కాసేపు పట్టింది. నా జవాబులన్నీ ఆమె ఇంట్లో మోగుతున్నాయి. పాటను సగంలోనే ఆపేశాను.

వదినకు ఫోన్ చేసి జరిగింది చెప్పాను. అవతల నెత్తి కొట్టుకున్న చప్పుడు.

"చెరొకటి పంచుకున్నరా? చెప్పులు పంచుకున్నట్టు? అవి జోడు పిచ్చిదాన! ఒక మైకుది ఒక దాంట్ల, ఇంకోదానిది ఇంకో దాంట్ల పలుకుతది, రెండు ఒక్కకాడ ఉండాలె. ఎదురుంగ పెట్టి, నడుమ నువ్వు కూసోవాలె. అప్పుడు సూడు ఏమైతదో."

అంటే అక్క దగ్గరున్న స్పీకరు డబ్బా కావాలి. అంటే నేను పోయి అడగాలి. అరుగు మీద నా గుమ్మం నుంచి ఆమె గుమ్మానికి ఆరడుగులు. చెప్పులు వేసుకున్నాను, ఎందుకో విప్పేశాను. నోరు పెట్టుకుని బతికిన దాన్ని, ఆ పూట నోట్లో తడి లేకుండా పోయింది.

అక్క ఫ్రిజ్ ముందు నేల మీద కూర్చుని, తలెత్తి ఆ డబ్బాను చూస్తోంది. నన్ను చూసి లేవలేదు.

"అది నువ్వేనా?" అంది.

"నేనే, అక్కా."

"గంత సన్నగుండెనా నీ గొంతు." చూపు మళ్లీ డబ్బా మీదికి తిప్పి, "ఎందుకాపినవ్?" అంది.

వదిన చెప్పింది చెప్పాను. తప్పైందన్న మాట నాలుక చివరి దాకా వచ్చి, "డబ్బ జర ఇస్తవా" అని బయటికొచ్చింది. ఆమె నాకివ్వలేదు. తనే దించి, వైరు చుట్టి, రొమ్ముకు హత్తుకుని నా వెనకే వచ్చి మా గడప దాటింది. మూడేళ్లలో అదే మొదటిసారి.

నా ఫోన్‌లో వదిన, ఇక్కడ మేమిద్దరం. బీరువా మీది నుంచి నాది దిగింది, లేసు గుడ్డ పోయింది. ఒకటి స్టూలు మీద, ఒకటి జొన్నల డబ్బా మీద పెట్టాం. ఎత్తు సమానం కాలేదు, స్టూలు మీద హైదరాబాద్‌లో చదువుతున్న మా అమ్మాయి ఇంటర్ పుస్తకాలు మూడు వేశాం. "కూసుంటె చెవులకాడికి రావాలె. గోడకు ఆనియ్యకున్రి, జానెడు ముంగటికి గుంజున్రి," అంది వదిన. అక్క తన ఫోన్‌లో ఒక భజన పెట్టింది. డబ్బాలు జరిపేసరికి తబలా గుడగుడ తగ్గి, దాని మీద వేలు ఎక్కడ పడుతోందో కూడా తెలిసింది. జానెడు జాగాకు ఇంత మహిమ ఉంటుందని నేనెన్నడూ ఎరగను.

"రెండు డబ్బాల నడుమ ఎంత దూరముందో, మీ కుర్సీ నుంచి ఒక్కోదానికి గంతే ఉండాలె," అంది వదిన. మేం మూరలతో కొలిచాం. ఆమె డబ్బాను ఆమె మూరతో, నా డబ్బాను నా మూరతో. పెట్టి వింటే పాటంతా నా డబ్బా వైపే ఒరిగిపోయింది. మళ్లీ జరిపాం, మళ్లీ ఒరిగింది. నేను డబ్బాను తిట్టబోయాను. అక్క నా చేతిని లాగి తన చేతి పక్కన పెట్టింది. ఆమె నాకంటే జానెడు పొడుగు మనిషి. ఆమె ఆరు మూరలూ నా ఆరు మూరలూ ఒకటెట్లవుతాయి? ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది, ఇద్దరం ఒకేసారి ఆపుకున్నాం. తర్వాత ఒకే సుతిలి తాడు తెచ్చి మూడు దిక్కులా కొలిచి, డబ్బాల ముఖాలు కుర్చీ వైపు కొద్దిగా తిప్పాం.

"నేను వాకిలి దిక్కు కూసుంటుంటి," అంది అక్క. నిజమే. విసిరేటప్పుడు ఆమెది ఎప్పుడూ వాకిలి వైపు, నాది వంటింటి వైపు. తన ప్రశ్నలు పలికే డబ్బాను వాకిలి వైపు మార్చింది.

సరైన చోటు ఒక్కరికే ఉంది. అక్కను కుర్చీలో కూర్చోబెట్టి, నేను సరిగ్గా ఆమె వెనక పీట వేసుకున్నాను. ఫోన్‌లో వదినను ఆపి, పాట మొదటి నుంచి పెట్టాను.

ఇంతవరకు నేను రాసిందంతా రాయగలిగాను గానీ, ఇక్కడి నుంచి ఎట్లా చెప్పాలో తెలియడం లేదు. డబ్బాలు మాయమైపోయాయి. కళ్లెదుటే ఉన్నాయి, కానీ చప్పుడు వాటిలోంచి రావడం లేదు. వాకిలి వైపు అక్క ఉంది, ఆమె మట్టిగాజులు కూడా ఉన్నాయి. వంటింటి వైపు నేనున్నాను, ఇరవైల్లో ఉన్నదాన్ని, పాట మధ్యలో ముక్కు ఎగబీలుస్తూ. నడుమ, ఏమీ లేని ఉత్త గచ్చు మీద, విసుర్రాయి తిరుగుతోంది. అక్కడ ఏ డబ్బా లేదు, ఏ వైరూ లేదు. చెయ్యి చాపితే పిండి తగులుతుందనిపించింది. ఆమె అడుగుతుంది, నేను చెబుతాను, రాయి అటు పోతుంది, ఇటు వస్తుంది. దండం పెట్టాలనిపించింది నాకు, దేనికి పెట్టాలో తెలియలేదు.

పాట అయిపోవస్తుండగా ఒక పసిపిల్ల ఏడుపు మొదలైంది. నా పక్కనుంచే. రెండేళ్ల మా అమ్మాయి, నా ఒడిలో నిద్ర లేచినట్టుంది. నేను పాట ఆపకుండానే ఊకో ఊకో అంటున్నాను. అది ఊరుకోలేదు. తర్వాత గజ్జెల పట్టీల చప్పుడు. ఒక అడుగు, రెండడుగులు. నా దగ్గర బయలుదేరి, వంటింటి వైపు నుంచి మెల్లగా జరుగుతూ, ఆ ఉత్త గచ్చు మీద, రాయి పక్క నుంచి, మా కళ్లెదుట గాలిలో నడిచిపోతోంది. అక్క తల పట్టీలతో పాటే తిరిగింది. అవి వాకిలి వైపు చేరాయి. గాజులు గలగలమన్నాయి. ఏడుపు ఆగిపోయింది.

నేను వెనక నుంచి చూస్తున్నాను. అక్క రెండు చేతులూ ఒడిలో తెరిచి ఉన్నాయి.

రికార్డింగు అయిపోయింది. హైవే మీద లారీలు పోతున్నాయి. మూడేళ్లు మోసిన మాట అప్పుడొచ్చింది, నేను ఆపినా ఆగేది కాదు.

"అక్కా, నేను గా మాట అనొద్దుండె. తప్పైంది. కన్నది నేనైతే ఏంది, అది నీ దగ్గరికే ఉరికింది."

ఆమె వెనక్కి తిరగలేదు. పోనీలే అనలేదు, మరిచిపోయాననీ అనలేదు. కొంగుతో ముఖం తుడుచుకుంది.

"పిల్ల నడిసేకాడికెంచి మల్ల పెట్టు," అంది.

పెట్టాను. మా అమ్మాయి మళ్లీ నా దగ్గర లేచి, ఆమె దగ్గరికి నడిచింది.