మైల రోజుల్లో వాదీ షాబ్‌కు

మా అన్న పోయిన కబురు ఒమాన్‌లోని సూర్‌లో నేను డ్యూటీలో ఉండగా వచ్చింది. పాస్‌పోర్ట్ వీసా రెన్యువల్‌కు వెళ్లింది కాబట్టి జగిత్యాలకు పోలేకపోయాను. దహనం ఫోన్‌లోనే చూశాను. ఆ శుక్రవారం రూమ్‌లో వాళ్లంతా మస్కట్ గుడికి బయల్దేరారు. మైలలో ఉన్నానని నేను ఆగిపోయాను. ఖాళీ రూమ్‌లో ఉండలేక సాతో గారికి ఫోన్ చేశాను. ఆయన మా సైట్ ఇన్‌స్పెక్టర్, జపాన్ మనిషి, అరవై దాటాయి. గెస్ట్‌హౌస్‌లో ఒంటరిగా ఉంటారు. కొండల మధ్య నీటి మడుగులున్న వాదీ షాబ్ లోయ చూడాలని ఎప్పటినుంచో అంటున్నారు.

పొద్దున్నే టాక్సీ ఎక్కాం. సూర్ నుంచి సముద్రం పక్కగా ముప్పావుగంట దారి. నా ముఖం చూసి ఒమానీ డ్రైవర్ హిందీలో "ఇంట్లో ఏమైనా అయిందా భాయ్?" అన్నాడు.

"అన్న పోయాడు."

అతను రేడియో ఆపేశాడు. హైవే వంతెన కింద ఒక రియాల్ ఇస్తే పడవలో అవతలికి దాటిస్తారు. అక్కడినుంచి రాళ్ల మీదుగా ఇంచుమించు మరో ముప్పావుగంట నడవాలి, అప్పుడు ఈతకు దిగే మడుగులు వస్తాయి.

నడుస్తూ సాతో గారు "నువ్వు గుడికి ఎందుకు వెళ్లలేదు?" అని అడిగారు. మైల గురించి చెప్పాను. ఆయన టక్కున ఆగారు.

"మాకూ అంతే. ఇంట్లో చావు జరిగితే కొన్నాళ్లు షింటో గుడి ద్వారం దాటం."

షింటో వాళ్ల సొంత మతం, దాన్ని ఫలానావారు స్థాపించారని లేదట, ఒకే పవిత్ర గ్రంథమూ లేదట. జపాన్‌కు బౌద్ధం రాకముందునుంచే జనం కొండల్లో, జలపాతాల్లో, పెద్ద చెట్లలో, తమ పూర్వీకుల్లో 'కామి'ని, అంటే దైవాన్ని, చూసేవారట.

"ఇజనాగి అనే దేవుడు చనిపోయిన భార్య కోసం మృతుల లోకానికి వెళ్లాడు. తెచ్చుకోలేకపోయాడు. తిరిగొచ్చి నీళ్లలో మైల కడుక్కున్నాడు. ఎడమ కన్ను కడిగితే సూర్యదేవి పుట్టింది."

"భార్య మళ్లీ దొరికిందా సార్?"

"లేదు." ఆయన మళ్లీ నడక మొదలుపెట్టారు. "నా భార్య నిరుడు పోయింది. మైల అని ఇంట్లో దేవుడి అరకు తెల్లకాగితం అడ్డం అంటించి వచ్చాను. మైల రోజులు ఎప్పుడో అయిపోయాయి. కాగితం అలాగే ఉంది."

"వెళ్లి తీసేయొచ్చు కదా?"

"తీస్తే ఆమె లేదని ఒప్పుకున్నట్టే."

అంతలో మడుగులు వచ్చాయి. బట్టలతోనే మడుగులో దిగి మునక వేశాను. పైకి లేచి "అన్నా" అని పిలవబోతే ఏడుపు వచ్చేసింది. అప్పటిదాకా నేను ఏడవనే లేదు. ఒడ్డున సాతో గారు తలవంచి, రెండుసార్లు చప్పట్లు కొట్టారు, చప్పుడు లేకుండా. పోయినవారి కోసం అలాగే కొడతారట. తర్వాత వంగి, చాలాసేపు ముఖం కడుక్కున్నారు.

తిరుగు దారిలో "వచ్చే నెల ఇంటికి వెళ్తాను" అన్నారు.

నా ఒంటరితనం తగ్గిందని చెప్పలేను. అన్న చితి దగ్గర నేను లేను, ఆ లోటు ఇక తీరదు. కానీ పరాయి నేల నీళ్లలో మునిగి లేచేసరికి, ఒడ్డున నా కోసం ఒక మనిషి నిలబడి ఉన్నాడు. వెళ్లేవారికి ఒక్క మాట: మడుగులు లోతుగా ఉంటాయి, తోడు లేకుండా దిగకండి.