పాచి మామ గోడ

ఆ బళ్ళో మెట్ల మీద పాచి గీకడం ఆయన ఉద్యోగం. పిల్లలు జారిపడతారు కదా మరి. ఇరవై రెండేళ్ళుగా గీకుతూనే ఉన్నాడు, గీకినదాన్ని పారెయ్యకుండా నీళ్ళ ట్యాంకు వెనక గోడకి తడిమట్టితో అతికిస్తూనే ఉన్నాడు. ఒక చేత్తో తీసి ఇంకో చేత్తో పెట్టే ఈ ఘనకార్యానికే అందరూ ఆయన్ని పాచి మామ అన్నారు. ఆయన భార్య మాత్రం ఆ గోళ్ళు చూసి, ముందు చేతులు కడుక్కుని రమ్మనేది.

గోడ నిండా పచ్చగా, పిల్లి వీపంత మెత్తగా ఉండేది. వాన వస్తే గటగటా తాగి, తర్వాత కొంచెం కొంచెంగా వదిలేది. అందుకే గోడ కింద మట్టి కొట్టుకుపోలేదు. అందులో కంటికి ఆనని పురుగులు కాపురాలు పెట్టాయి, పిచ్చుకలు గూటికోసం పోచలు పీక్కెళ్ళేవి. చేతికి దెబ్బ తగిలితే నాయనమ్మ కడిగిన పాచి పిండి కట్టేదని, దూదికన్నా ఎక్కువ నెత్తురు పీల్చేదని కనబడిన ప్రతివాడికీ చెప్పేవాడు. బడి నర్సు వింటూ సూది తీసేది.

"ముందు ఇంజెక్షన్ మామా, తర్వాత మీ నాయనమ్మ."

కొత్తగా వచ్చిన హెడ్ మేడమ్‌కి ఇవేవీ పట్టలేదు. సోమవారం తనిఖీ ఉందని, ఆలోపు గోడ గీకి సున్నం కొట్టమని చెప్పేసింది. పాచి మామకి ప్రాణం ఉసూరుమంది. ఇంకో నెలలో రిటైరవుతున్నాడు. పోయేలోపు తన చేత్తోనే దాన్ని చంపాలా?

గీకలేదు. గోడకి నీళ్ళు పట్టడం మానేశాడు. ట్యాంకు కారే చోట గుడ్డ కుక్కి, ఎండకు వదిలేశాడు. శనివారానికల్లా పాచి ముడుచుకుని, గోధుమరంగు తిరిగి, పాత సిమెంటులా తయారైంది. దాహంతో ఉన్న గోడని చూడలేక ఆ నాలుగురోజులూ అటు వెళ్ళడమే మానేశాడు.

"చచ్చిపోయింది మేడమ్. ఇక గీకేదేముంది, దానంతటదే రాలిపోతుంది," అన్నాడు వీలైనంత దిగులుగా.

మేడమ్ గోడని గోటితో గీరింది. చేతిలోని సీసా మూత తీసి, ఓ జానెడు మేర నీళ్ళు పోసింది. అక్కడే నిలబడింది. పాచి మామ తేలు కుట్టిన దొంగలా నేలచూపులు చూశాడు. ఐదు నిమిషాలకే ఆ జానెడూ విచ్చుకుని పచ్చబడింది.

"నా దగ్గరా మీ పప్పులుడికేది? పద్దెనిమిదేళ్ళు బాటనీ చెప్పాను."

ఉద్యోగం మాట దేవుడెరుగు, గోడ పోయినట్టే అనుకున్నాడు పాచి మామ.

మేడమ్ సీసా మూత బిగించింది. పచ్చబడిన చోటుని కాసేపు చూసింది.

"ఇక్కడో బల్ల అడ్డం పెట్టండి. మంగళవారందాకా ఈ గోడమీద ఒక్క చుక్క పడ్డా ఊరుకోను."